పేరంటం శనగలు

శ్రావణ శుక్రవారం పొద్దున్నే వంటింట్లోంచి వెల్లుల్లి వేగుతున్న వాసన వచ్చేసరికి ఇందిరాదేవి జపం ఆపి లేచి వచ్చింది. దక్షిణార్ధగోళంలోని పాపకూర ఊళ్ళో శ్రావణమంటే చలికాలం; కిటికీ అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. కోడలు హిమజ తలకు తువ్వాలు చుట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పక్కన బల్ల మీద, సన్నరవ్వ తడిపి ఒత్తి, పట్టీల్లా కోసి ఆరబెట్టిన పాస్తా.

"వ్రతం పూట వెల్లుల్లా? మతిగానీ పోయిందా నీకు?"

"వ్రతం వచ్చే శుక్రవారం చేసుకుంటానత్తయ్యా. పేరంటాళ్ళకి మెసేజ్ పెట్టేశాను."

ఇందిరాదేవి కుక్కర్లోకి తొంగి చూసింది. వాయనాలకని రాత్రి తను నానబోసిన శనగలు మెత్తగా ఉడికి ఉన్నాయి.

"పేరంటం శనగలే ఇవి!"

"అవే. కార్మెలా ఆంటీకి తీసుకెళ్తున్నాను."

పక్కింటి కార్మెలా భర్త రొకో నిన్న సాయంత్రం పోయాడు. ఇటలీకి దక్షిణపు కొసనున్న పల్లె వాళ్ళది. అక్కడ కూడా మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే వండి తేవాలి. కొడుకులు పెర్త్ నుంచి ఇంకా రాలేదు. వీధిలో వాళ్ళు పువ్వులిచ్చారు, ఎవరో బేకరీలో కొన్న 'పై' తెచ్చారు. ఆవిడ మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదని, రాత్రి పలకరించి వచ్చిన హిమజ భర్త సాయి చెప్పాడు.

"వాడు వెళ్ళొచ్చాడుగా, చాలు. లక్ష్మీదేవిని పిలవాల్సిన రోజున చావింటికి గిన్నె మోస్తావా?"

"మోస్తాను. వచ్చి స్నానం చేస్తాను."

"ఈ ఎదురు మాటలు ఎప్పుడు నేర్చావే?"

"మామయ్యగారు పోయిన రోజే నేర్చుకోవాల్సింది."

కారు తాళాలు పట్టుకుని సాయి గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, హిమా, కాస్త మెల్లిగా..."

"నువ్వు ఆఫీసుకెళ్ళు," అంది తల్లి. "మీరు బయల్దేరండి," అంది పెళ్ళాం. అతను వెళ్ళిపోయాడు.

హిమజ పాస్తాలో కొంత తీసి నూనెలో వేసింది. అవి ఎర్రగా కరకరలాడాక తీసి పక్కన పెట్టి, అత్తవైపు తిరిగింది.

"ఆ రోజు మనవాళ్ళ పలకరింపులన్నీ ఫోన్లలోనే వచ్చాయి. అన్నం ఎవరూ తేలేదు. పసుపురంగు గిన్నె పట్టుకుని వచ్చింది ఈవిడొక్కతే. ఆవిడ గేటు దాటకముందే మీరు దాన్ని చెత్త డబ్బాలో ఒంపేశారు."

"గుడ్డు ఉంటుందని..."

"అడిగారా? మీరు గుడ్డు తినరని ఆవిడ ముందే నన్నడిగి తెలుసుకుంది. వాళ్ళ పక్క పాస్తా అంటే రవ్వ, నీళ్ళు, అంతే. 'గుడ్లా? మేం అమ్ముకునేవాళ్ళం, తినేవాళ్ళమా!' అని నవ్వింది నాకు నేర్పిన రోజు. చీచెరి ఎ త్రియా అంటారట. శనగలు, ఉడికించిన పాస్తా, పైన వేయించినది. ఆ రోజు పారబోసింది ఇదే. నా పిల్ల ఆకలికి ఏడిస్తే మామయ్యగారు పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించింది నేను. మీరు మొహం తిప్పుకున్నారు. ఇవాళ ఆవిడని మాత్రం వాళ్ళింట్లో పొయ్యి వెలిగించనివ్వను. మీరు వద్దన్నా సరే."

ఇందిరాదేవి తన గదిలోకి వెళ్ళిపోయింది.

హిమజ గిన్నెకు గుడ్డ చుట్టి బయటికి వచ్చింది. తడి గడ్డిలో సగం దూరం పోయేసరికి వెనక అడుగుల చప్పుడు.

"ఆగు. చెప్పులు సరిగ్గా తొడుక్కోనీ."

"మీరెందుకత్తయ్యా? మైల..."

"స్నానం చేయడం నాకూ వచ్చు, పద," అంది ఇందిరాదేవి శాలువా బిగించుకుంటూ.

కార్మెలా నల్ల బట్టల్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. హిమజ వడ్డించిన పళ్ళేన్ని చూసి తల అడ్డంగా ఊపింది. ఇందిరాదేవి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తినమ్మా. తినకపోతే ఎట్లా? నాకు తెలుసు," అంది తెలుగులోనే.

కార్మెలా కదల్లేదు. ఇందిరాదేవి చెంచా అందుకుని, ఆ పళ్ళెంలోంచే శనగలూ పాస్తా కలిపి తన నోటి దగ్గరికి తెచ్చుకుంది.

అప్పుడు కార్మెలా చప్పున ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది. భరోసా ఇస్తున్నట్టు చెప్పింది.

"నో ఎగ్, ఇందిరా. నో ఎగ్."

ఇందిరాదేవి ముద్ద మింగింది. కళ్ళ నీళ్ళు జలజలా రాలి పళ్ళెంలో పడ్డాయి.

"తెలుసమ్మా," అంది. "ఇప్పుడు తెలుసు."

కార్మెలా బల్ల మీది ఇంకో చెంచా అందుకుని అదే పళ్ళెంలో ముంచింది.