ఇంకుడుగుంత మట్టి

మా నందిని నత్తలను సాకుతుంది. నవ్వద్దండి. గార్లదిన్నె పక్కన మా ఊర్లో మనుషులకే బిందెలు లెక్కపెట్టి నీళ్ళు వస్తాంటే, ఈ యమ్మ ఆరు నత్తలకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు చిలకరిస్తుంది. వాటిని తెచ్చింది మా తమ్ముడు శ్రీనివాసులు. కణేకల్ కాలువ పక్కన వాని చేను. ఆడ దొరికిన పెద్ద నత్తలను డబ్బాలో వేసి తెచ్చి, "ఇంద పాపా, వీటికి అరవడం రాదు, మీ చిన్నమ్మ మాదిరి కాదు" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. నా నోరు ఊరందరికీ తెలుసు. రేషన్ వరసలో నాకంటే ముందు దూరినోళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే పక్క సందులో పోతారు.

నందిని నేను కన్న బిడ్డ కాదు. ఓబులేష్‌కు నేను రెండో పెళ్ళాన్ని. మొదటామె పేరు ఆంజినమ్మ. పాపకు మూడేళ్ళప్పుడు ఎవడో లారీ డ్రైవరుతో లేచిపోయిందని నాకు చెప్పినారు. ఆ మరుసటేడే నేను ఈ ఇంటికి వచ్చినా. ఏడేండ్లు జడేసినా, జ్వరమొస్తే తెల్లారేదాకా తడిగుడ్డ మార్చినా, బడిలో ఎవడో గిచ్చినాడంటే వాని ఇంటికి పోయి వాళ్ళ నాయనను నిలబెట్టి కడిగినా. అయినా ఆ పిల్లకు నేను చిన్నమ్మనే. ఒక్కసారన్నా "అమ్మా" అనిపించుకోవల్లని నా ఆశ. సిగ్గు లేకుండా చెప్తాండా. ఆ ఆశతోనే నత్తలను ఇంట్లోకి రానిచ్చినా. లేకుంటే ఆ జిగురు పురుగులను నేను ముట్టేదాన్నా.

కరెంటోళ్ళు పారేసిన అద్దాల పెట్టె ఒకటి తెచ్చి, వెనకగదిలో తొట్టిగా పెట్టి, దాంట్లో చేని ఎర్రమట్టి వేసినాం. రెండు దినాలకు మట్టి రాయిమాదిరి అయింది. నత్తలు గుల్లల్లోకి పోయి మూత వేసుకున్నాయి. నందిని అన్నం ముట్టకుండా తొట్టి ముందర కూర్చుంది. మెత్తటి నల్లమట్టి కావల్లంట, ఎప్పుడూ చెమ్మ ఉండల్లంట, ఫోన్లో చూసిందంట. మే నెలలో, అనంతపురం జిల్లాలో, చెమ్మ మట్టి యాడ దొరుకుతాది? మా ఇంట్లో మాత్రం ఒక్కచోట ఉండాది. పెరట్లో, స్నానం నీళ్ళు పోయే ఇంకుడుగుంత.

ఆ గుంత నేను రాకముందు మా ఆయన తవ్వింది. దాని జోలికి ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. "కాలు పెడితే కూలిపోతాది" అనేవాడు. ఒకసారి మేక పోయి ఆ మట్టి గీరితే దాని నడుము విరగ్గొట్టినాడు. అడ్డం పోయినందుకు నాకు ముందరి పన్ను పోయింది. ఆయనకు అంత కోపం ఆ గుంత మీద ఎందుకని నేను ఒక్కసారి కూడా ఆలోచన చేయలేదు, చూడండి. మొగోళ్ళకు దేనిమీద కోపమొస్తుందో ఆలోచిస్తా కూర్చుంటే మనకు పని జరగదు కదా.

ఆయన ట్రాక్టరు తీసుకొని గుమ్మఘట్టకు పోయిన దినం చూసి, నేనే పైరాళ్ళు తీసి, పక్కనుంచి మూడు బక్కెట్ల మట్టి తవ్వి ఇచ్చినా. మళ్ళీ రాళ్ళు అట్లనే సర్ది పెట్టినా. నల్లగా, మెత్తగా, చల్లగా ఉండె ఆ మట్టి. అరగంటకే నత్తలు బయటికి వచ్చి కొమ్ములు చాచినాయి. నందిని పకపకా నవ్వింది. ఆ నవ్వుకు నా కడుపు నిండిపోయింది.

పది దినాలు బాగానే ఉండె.

పదకొండో దినం నందిని పిలిచి చూపించింది. నత్త మెడ మీద ఉప్పుపొడి మాదిరి తెల్లచుక్కలు. వంగి చూసినా. చుక్కలు నడుస్తాండాయి. నత్తకు మెడ పక్కన ఊపిరి తీసుకునే కంత ఒకటి ఉంటాది. ఆ కంతలోకి దూరి, మళ్ళీ బయటికి వస్తాండాయి. మిరపచెట్లకు పట్టే నల్లి జాతే, కాకపోతే తెల్లది. నత్త పాపం ముడుచుకుంటాంది, సాచుకుంటాంది, ఏం చేయాల్నో దానికి తెలీడం లేదు. ఆ మరుసటి దినం మట్టిలోనుంచి నుసుములు, సన్న దోమల మాదిరివి, లేచినాయి. మూత తీస్తే చాలు, పొగ మాదిరి మొహం మీదికి.

మేం చేయని వైద్యం లేదు. ఒక్కొక్క నత్తను గోరువెచ్చని నీళ్ళలో పెట్టి పళ్ళ బ్రష్షుతో కడిగినాం. గిన్నెలో బెల్లం నీళ్ళు పెట్టినాం. టమేటా తోటలో కట్టే పసుపు జిగురు అట్టలు తెచ్చి తొట్టిమీద వేలాడగట్టినాం. ఒక్క నుసుము కూడా అట్టకు అంటుకోలేదు. బెల్లం వైపు పోలేదు. ఇంకో విడ్డూరం, అవి నందినిని ముట్టేవి కాదు. మోచేతి దాకా మట్టిలో పెట్టినా ఆ పిల్ల చేతిమీద ఒక నల్లి కనపడేది కాదు.

మా ఆయన గడప దాటి వస్తే మాత్రం వెనకగదిలోనుంచి నుసుములు బారుగా వచ్చేవి. నేరుగా ఆయన చెవుల్లోకి. అన్నం తినేటప్పుడు నోట్లోకి. ఆయన చెంపలు వాయించుకుంటా, గీరుకుంటా, చివరికి కంచం తీసి నా మొహాన కొట్టినాడు. "రేపు మధ్యాహ్నం నేను అన్నానికి వచ్చేలోగా అవి ఇంట్లో ఉండకూడదు. ఉంటే తొట్టితో పాటు నీ తల కూడా పగులుతాది" అన్నాడు.

నందిని మూలకు నిలబడి నా వైపు చూసింది. ఏడవలేదు. "చిన్నమ్మా, పారేస్తావా?" అని గుసగుసగా అడిగింది. పారేయనని చెప్పినా.

ఒకటే దారి మిగిలింది. మట్టిని వేయిస్తే గుడ్లతో సహా చచ్చిపోతాయని ఫోన్లో ఉండె. మాకు వేయించడం కొత్తా? ఇసుకలో శెనక్కాయలు వేయించని ఇల్లు ఈ సీమలో లేదు. పొద్దున్నే పెరట్లో పొయ్యి ముట్టించి, కాయలు వేయించే ఇనుప బాండ్లిలోనే తొట్టి మట్టి వేసి కలబెట్టినా. నత్తలను బక్కెట్లో వేసి తడిగుడ్డ కప్పినాం. మట్టి కాలేకొద్దీ వాసన లేచింది. మట్టివాసన కాదు. జుట్టు కాలితే వచ్చే వాసన. పాత వేర్లేమో అనుకున్నా. సగం మట్టి చల్లార్చి తొట్టిలో పోసినా. మిగతాది వేడి తగ్గేదాకా ఉండనీలే అని బాండ్లిలోనే పెట్టి, నేను వెనకగదికి పోయి కిటికీకి తడి గోనెపట్టాలు కడతాండా. బయట ఎండ మండిపోతాంది. గదిలో చీకటిగా, చల్లగా ఉండె.

మా అత్త రామసుబ్బమ్మకు కంటిచూపు సరిగా లేదు. బాండ్లిలో వేడి ఇసుక, కింద నిప్పులు. కోడలు కాయలు వేయించేకి పెట్టుకుందని అనుకుంది పాపం. మూడు శేర్ల శెనక్కాయలు దాంట్లో పోసి, వేయించి, జల్లెడ పట్టింది. అన్నానికి వచ్చిన కొడుకు ముందర చాటనిండా పెట్టింది.

నేను బయటికి వచ్చేసరికి ఆయన నడింట్లో మంచం మీద కూర్చొని కాయ వలిచి నోట్లో వేసుకుంటాండాడు. గుప్పెడు, ఇంకో గుప్పెడు.  చెప్తే చంపుతాడు. చెప్పకుంటే తింటాండాడు.

పెరట్లోనుంచి అత్త పిలిచింది. 

"మల్లీ... ఇట్ల రా. జల్లెట్లో ఇదేందో చూడు."

పోయినా. జల్లెడ అడుగున ఒక వెండి మెట్టె. మసిపట్టి నల్లగా ఉండాది. మా అత్త కొంగుతో తుడిచి, కంటి దగ్గర పెట్టుకొని చూసింది. మెట్టె మీద చేపబొమ్మ.

"ఇది నేను చేయించిందే" అనింది మెల్లగా. "ఆంజినమ్మకు పెండ్లిలో పెట్టినాం. మెట్టెలతో సహా తీసుకుపోయింది లంజ అని వాడు చెప్పె కదా... ఈ మట్టి యాడిది మల్లీ?"

నేను ఇంకుడుగుంత వైపు చూసినా. ఆమె కూడా చూసింది. ముసలామె ఆడనే కూలబడింది.

"ఏమే, ఈ కాయలకు ఏందే ఈ వాసన?"

ఆయన గడపలో నిలబడి ఉన్నాడు. నోరు నములుతానే ఉండాది. వాళ్ళమ్మ చేతిలో మెట్టె చూసినాడు. నమలడం ఆగింది.

"ఎవరు తవ్వినారు?"

 ఆయన గోడకు ఆనించిన గడ్డపార తీసుకున్నాడు. తొందరపడలేదు. వీధి వాకిలి గొళ్ళెం పెట్టి వచ్చినాడు. "ఎనిమిదేండ్లు ఎవరూ అడగలేదు. నువ్వు తవ్వినావా, పాప తవ్విందా?" అన్నాడు.

పాప మాట వినపడంగానే నేను వెనకగదిలోకి పరిగెత్తినా. నత్తల బక్కెట్టు దగ్గర కూర్చున్న నందినిని మూలకు తోసి, ముందర అడ్డం నిలబడినా. ఆయన వచ్చి నా జుట్టు చుట్టి పట్టుకొని నేలకేసి కొట్టినాడు. కంట్లో నెత్తురు దిగింది. అత్త వచ్చి కాలు పట్టుకుంటే డొక్కలో తన్నినాడు. ఆమె మళ్ళీ లేయలేదు. గడ్డపార పైకి లేచింది. నేను పక్కకు దొర్లినా. అది తొట్టి మీద పడింది. అద్దం పగిలి, వేయించిన మట్టి నేలంతా పడింది.

కాల్చిన మట్టి. దాంట్లో ఏ పురుగూ బతికి ఉండదు. నేనే నా చేతులతో కాల్చినా.

ఆ మట్టి... లేచింది.

నుసుములు. గదినిండా. ఒకటే హోరు. ఆయన మొహం కనపడలేదు... మొహం ఉండాల్సిన చోట నల్లగా కదుల్తాండె. గడ్డపార కిందపడింది. ఆయన రెండు చేతులతో చెవులు గీరుకుంటాండాడు. గోళ్ళు దిగినాయి... చెవి తమ్మె తెగి వేలాడింది... ఆ నెత్తురు మీద తెల్లగా నల్లి. లోపలినుంచి బయటికి వస్తాంది.

నోరు తెరిచినాడు. అరుపు రాలేదు. మట్టి వచ్చింది. తడిమట్టి, నల్లటిది. వేయించింది కాదు.

హోరు ఆగిపోయింది. ఒక్కసారిగా. గదిలో ఆయన గురక మాత్రం...

"చెయ్యి..." అన్నాడు. "తీ... చెయ్యి తీ..."

ఎవరూ ముట్టలేదు ఆయనను. నేను నేలమీద ఉన్నా. నందిని నా వెనక ఉంది. ఆయన గొంతు మీద చర్మం లోపలికి పోయింది. ఒక పక్క నాలుగు గుంటలు. ఇంకో పక్క ఒకటి. కాలి మడమలు నేలను వదిలినాయి. జానెడు... అంతకంటే ఎక్కువ. ఏదో విరిగిన శబ్దం. మళ్ళీ విరిగింది.

"చాలు" అనింది నందిని.

ఆయన కిందపడ్డాడు.

శెనక్కాయ గొంతుకు అడ్డం పడి చచ్చిపోయినాడని ఆసుపత్రిలో రాసినారు. మెడ ఎముక కిందపడినప్పుడు విరిగిందంట. నోట్లో మట్టి పగిలిన తొట్టిదంట. నేను సరే అన్నా. అత్త డొక్క నొప్పితో మూడు దినాలుండి పోయింది. ఇంకుడుగుంత తవ్వితే ఎముకలు దొరికినాయి. తలకాయ వెనక గడ్డపార పట్టేంత కంత. జల్లెట్లో దొరికింది ఎడమకాలి మెట్టె, కుడికాలిది ఎముకకే ఉండె. రెండూ కవర్లో పెట్టి సీలు వేసి పోలీసులు తీసుకుపోయినారు. పదకొండో దినం నా మెట్టెలు కూడా తీసేసినారు.

ఆరు నత్తలూ బతికినాయి. కొత్త తొట్టి, దుకాణంలో కొన్న కొబ్బరిపొట్టు. నల్లి లేదు, నుసుములు లేవు. నేనూ నందిని ఇద్దరమే. ఇంగ ఆ పిల్ల నాదే అనుకున్నా. అట్ల అనుకోవడం తప్పని ఇప్పుడు తెలుస్తాంది.

పోయిన సోమవారం కొళాయి తిప్పి మరిచిపోయింది. డ్రమ్ము నీళ్ళన్నీ పోయినాయి. నా కోపం మీకు తెలుసు కదా, లాగి చెంపమీద ఒకటి ఇచ్చినా. మధ్యాహ్నం కునుకు తీసి లేస్తే ఎడమకాలి వేలు సలుపుతాంది. చూసుకుంటే వేలికి మెట్టె. చేపబొమ్మది.

సబ్బు పెట్టినా, నూనె పెట్టినా, రాలేదు. కంసాలి కత్తెర పెడితే కత్తెర జారి ఆయన వేలు తెగింది. స్టేషన్‌కు ఫోన్ చేస్తే సీలు అట్లనే ఉందన్నారు. నేను గొంతు పెంచితే చాలు, అది బిగుసుకుంటుంది. వేలు నల్లగా అయింది. ఇప్పుడు నేను పిల్లను ఏమీ అనను. గట్టిగా పిలవను కూడా పిలవను.

ఈ సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి ఉన్నా. వెనకనుంచి నందిని పిలిచింది.

"అమ్మా, ఆకలైతాంది."

ఏడేండ్లు. ఆ ఒక్క మాట కోసం ఏడేండ్లు. కండ్లలో నీళ్ళు తిరిగినాయి. "రా బంగారూ, పెడతా" అని తిరిగినా.

నందిని నేలమీద కూర్చొని నా ఎడమకాలి వైపు చూస్తాంది.

"నిన్ను కాదు చిన్నమ్మా" అనింది.

నేను కదలలేదు. నా ఎడమకాలు అన్నం గిన్నె వైపు ఒక అడుగు వేసింది.