హూణరాజును గుర్రం దించిన పిల్ల

హిమావతీ తీరంలోని కేదారపురాన్ని హూణరాజు ఖర్దులుడు గుర్రపు డెక్కల కింద నలిపేశాడు. చచ్చాక కూడా అతడి పీడ విరగడ కాలేదు. హూణులు నదిని పక్కకు మళ్లించి, దాని గర్భంలో గుహ తవ్వించి, అతణ్ణి గుర్రంమీదే కూర్చోబెట్టి సమాధి చేశారు. ఆ చోటు ఎవరికీ చెప్పకుండా ఉండాలని, తవ్వినవాళ్లను ఒక మాంత్రికుడు రాళ్లుగా మార్చేశాడు. తిరిగి వదిలినా, ఖర్దులుడి మీదుగా పారడానికి జడిసి నది కొండల్లోనే ఆగిపోయింది. చేలు ఎండిపోయాయి.

రాయైపోయినవాళ్లలో పడవవాడు సోమిలుడు ఒకడు. తల్లిలేని అతడి కూతురు కురంగి, కేదారపురం రాజు పంపిన వీరులెవరూ తిరిగి రాకపోయేసరికి తానే బయలుదేరింది. ముళ్ల అడవి దాటాక ఒక ముని కనిపించాడు.

"శాపం ఎలా పోతుంది తాతా?"

"ఆ హూణరాజు కోసం ఎవరైనా ఒక్క కన్నీటిచుక్క రాల్చాలమ్మా."

"మా నాన్న రాయైపోవడానికి కారణమైనవాడి కోసమా? నావల్ల కాదు."

"వేరే దారి లేదు మరి" అని ముని కళ్లు మూసుకున్నాడు.

ఎండిన నదిగర్భం వెంట నడిచి వెళ్తే, సమాధి వాకిట ఒంటికన్ను రాక్షసుడు అడ్డుపడ్డాడు.

"కత్తేది?"

"లేదు."

"మంత్రాలేమైనా వచ్చా?"

"రావు."

"నువ్వు నా పంటికిందికి కూడా చాలవు. లోపలికి పో, ఆయనే చూసుకుంటాడు" అని విసుక్కున్నాడు రాక్షసుడు.

లోపల, చేతిలో పారతో నాన్న రాయై నిలబడి ఉన్నాడు. వెతుక్కుంటూ వచ్చిన వీరులూ పక్కనే రాళ్లై ఉన్నారు. కురంగి నాన్న చెంప తాకింది. చల్లగా ఉంది.

"నాకోసం ఏడువు" అన్నాడు ఖర్దులుడు గుర్రంమీంచి.

కురంగి ఎంత ప్రయత్నించినా కోపమే తప్ప కన్నీరు రాలేదు. "రావడం లేదు. మీవాళ్లెవరూ ఏడవలేదా?"

"వీరుడి కోసం ఏడవడం మాలో తప్పు. కత్తులతో చెంపలు కోసుకున్నారు. నెత్తురు చాలా కారింది."

"ఇంకా గుర్రం దిగవేం?"

"నడక రాకముందే ఎక్కించారు. దించినవాళ్లు లేరు."

నాన్న రోజూ సాయంత్రం తనను పడవలోంచి ఎత్తి దించేవాడు. ఇంకేం చేయాలో తోచక కురంగి చేతులు చాచింది. "రా."

లోకాన్ని గడగడలాడించినవాడు ఆ చేతుల్లోకి ఒరిగాడు. పసిపిల్లాడంత బరువు కూడా లేడు. ఆమె భుజంమీద తల వాల్చాడు. అప్పుడు కురంగి కంటినుంచి చుక్క రాలింది. చేతుల్లో దుమ్ము మిగిలింది.

వెనక ఎవరో దగ్గారు.

"పడవ ఎక్కడ కట్టావే?" అన్నాడు సోమిలుడు.

"నదే లేదు కదా నాన్నా, పడవెందుకు?"

"మరి ఆ హోరేమిటి? పరిగెత్తు!"

రాళ్లైనవాళ్లంతా మనుషులై వాళ్ల వెంట గట్టెక్కారు. నది సమాధి మీదుగా పారింది. కేదారపురం రాజు ఊరి రేవుకు కురంగినే అధికారిణిని చేశాడు. కేదారపురంలో ఇప్పుడు ఖర్దులుడి పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టరు. గుర్రమెక్కి ఆడుకున్న పిల్లల్ని ఎత్తి దించేటప్పుడు మాత్రం, పెద్దవాళ్లు ఆ పేరు ఒక్కసారి తలుచుకుంటారు.