పుస్తకంలో దస్తర్‌ఖాన్

"ఇంకో పది అడుగులే! ఆగకు తుర్సునై, ఆగకు!"

జిబెక్ వీపు మీద నుంచి చెవిలో అరుస్తోంది. తుర్సునైకి మాత్రం ఆ అరుపు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది.

కుస్తీ నేర్చుకునే ఆడపిల్లలు పన్నెండు మంది జంటలుగా గుట్ట ఎక్కుతున్నారు. ఒకరు మోయాలి, ఒకరు వీపున ఎక్కాలి. కాళ్ళకు బలం రావాలంటే ఇంతకు మించిన కసరత్తు లేదని కోచ్ ఎర్మెక్ అంటారు. బడిలో మాస్టార్లను పిలిచినట్టే పిల్లలు ఆయన్నీ అగాయ్ అని పిలుస్తారు.

మార్చి నెల. ఎండ కాస్తోంది కానీ నీడలో మంచు ఇంకా గట్టిగానే ఉంది. తుర్సునై ఎడమకాలు ముందుకు వేసింది. నేల తగిలిందో లేదో తెలియలేదు. కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. మోకాళ్ళు రెండూ ఒక్కసారే మడతపడ్డాయి.

జిబెక్ ఆమె తల మీదుగా వెళ్ళి రాళ్ళ మీద పడింది. టక్‌మని చిన్న చప్పుడైంది. ఆ తర్వాత జిబెక్ పెట్టిన కేక కింద ఊళ్ళోకి కూడా వినపడింది.

మెడ కింద ఎముక విరిగిందని ఆస్పత్రిలో చెప్పారు. ఆరు వారాలు కట్టు ఉండాలట. జిల్లా పోటీలు మూడు వారాల్లో ఉన్నాయి. జిబెక్ రెండేళ్ళుగా ఆ పోటీల కోసమే కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తోంది.

ఆ సాయంత్రం అగాయ్ తుర్సునైని పిలిచారు. ఆమె తిండి పుస్తకం తీసి పేజీలు తిప్పారు.

"పొద్దున రెండు గుడ్లు, మీగడ, రొట్టె. మధ్యాహ్నం గొర్రె మాంసం పులుసు. సాయంత్రం పాలు, మళ్ళీ మాంసం." ఆయన తల గోక్కున్నారు. "ఇంత తిన్న పిల్ల అలా కూలబడకూడదే. ఒంట్లో బాలేదా తల్లీ?"

"బాగానే ఉంది అగాయ్."

"నిద్ర పట్టడం లేదా?"

"పడుతోంది."

"అయితే పొరపాటు నాదే. నీ శక్తికి మించిన బరువు పెట్టేశాను," అని ఆయన పుస్తకం మూసేశారు.

అందులో ఆయన తప్పు ఆవగింజంత కూడా లేదు. ఆ సంగతి తుర్సునై ఒక్కదానికే తెలుసు. చెప్పాలని నోరు తెరిచింది కూడా. కానీ చెప్పకుండానే బయటికి వచ్చేసింది.

ఎందుకంటే ఆ పుస్తకంలో ఒక్క గుడ్డు కూడా నిజం కాదు.

జనవరిలో అగాయ్ తలా ఒక గళ్ళ నోటుపుస్తకం ఇచ్చారు. "రోజూ ఏం తిన్నారో రాయండి. ఎంత బరువు ఎత్తారో పక్కన నేను రాస్తాను. తిండి తక్కువైన వాళ్ళకి బరువు తగ్గిస్తాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు," అన్నారు.

పెద్దవాళ్ళు సిగ్గుపడొద్దని చెప్పినంత మాత్రాన సిగ్గు ఎక్కడికి పోతుంది! అసిల్ అనే పిల్ల మొదటి వారం ఉన్నదున్నట్టు రాసింది. రొట్టె, టీ. రొట్టె, టీ. మళ్ళీ రొట్టె, టీ. అగాయ్ కసరత్తులో ఆమె ఎత్తే ఇసుక సంచిలోంచి కొంత ఇసుక తీసేశారు. జేబులోంచి నాలుగు ఎండు పెరుగు ఉండలు తీసి ఆమె చేతిలో పెట్టారు. అంతే, ఆ రోజుకల్లా అసిల్‌కి కొత్త పేరు వచ్చేసింది.

"ఏయ్, టీ పహిల్వాన్! ఇవాళ ఎన్ని కప్పులు ఎత్తావే?"

అందరితోపాటు తుర్సునై కూడా నవ్వింది. నవ్వుతూనే లోపల వణికిపోయింది. వాళ్ళింట్లోనూ అదే రొట్టె, అదే టీ. పోయిన చలికాలం మంచు ముంచేసి గొర్రెలు ముప్ఫై ఎనిమిదీ చచ్చిపోయాయి. మిగిలిన ఒక్క ఆవూ వట్టిపోయింది.

అయినా వాళ్ళమ్మకు ఒక పట్టుదల ఉంది. ఎవరు గుమ్మం తొక్కినా భోజనాలు వడ్డించే గుడ్డ, అంటే దస్తర్‌ఖాన్ నిండుగా పరవాలి. పెట్టె అడుగున దాచిన జామ్ సీసా, మిఠాయిలు, ఎండు పళ్ళు అప్పుడే బయటికి వస్తాయి. వచ్చినవాళ్ళు అటు వెళ్ళగానే మళ్ళీ పెట్టెలోకి పోతాయి. పిల్లలు చెయ్యి పెట్టడానికి లేదు. "మన గుడ్డ ఖాళీగా ఉందని ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు," అంటుంది అమ్మ.

పుస్తకాన్ని అగాయ్ చూస్తారు. మరి ఆయనా పరాయి మనిషే కదా? చుట్టం ముందు పరిచినట్టే తుర్సునై పేజీ నిండా పరిచేసింది. ఏం రాయాలో తోచనప్పుడు జిబెక్ పుస్తకంలోకి తొంగి చూసి రాసింది.

అగాయ్ ఎర్రపెన్నుతో "శభాష్" అని రాశారు. ఇసుక సంచి బరువు పెంచారు. మరుసటి వారం ఇంకో శభాష్, ఇంకాస్త ఇసుక. ఇలా తొమ్మిది శభాష్‌లయ్యాయి. పిల్ల రోజురోజుకీ పీక్కుపోతోంది. అయినా ఆ రాతలో తిండి ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు తుర్సునై జిబెక్‌ని చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళింది. జిబెక్ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. భుజాల చుట్టూ తెల్లటి కట్టు.

"ఏడవకే పిచ్చిదానా," అంది జిబెక్. "నీ తప్పేముంది? అగాయ్ నీకు బరువు ఎక్కువ పెట్టారట. అమ్మ అంటోంది."

"అగాయ్ మంచివారే," అంది తుర్సునై నేల చూపులు చూస్తూ.

"మంచివారైతే నా ఎముక ఎందుకు విరిగింది? ఆయన్ని తీసెయ్యమని అమ్మ డైరెక్టరమ్మకి కాగితం రాసిచ్చింది."

జిబెక్ వాళ్ళమ్మ వచ్చి దస్తర్‌ఖాన్ పరిచింది. ఉడికిన గుడ్లు, మీగడ గిన్నె, పొగలు కక్కే మాంసం. తుర్సునై తన పుస్తకంలో రాసినవన్నీ వరసగా ఎదురుగా ఉన్నాయి. "తిను తల్లీ, నువ్వూ భయపడిపోయావు," అందావిడ. తుర్సునై ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంది. రెండు నెలలుగా కలలో మాత్రమే తిన్న మాంసం అది. ఆ క్షణంలో తనంత నీచురాలు ఇంకెవరూ లేరనిపించింది.

శనివారం మధ్యాహ్నం వ్యాయామశాలలో మీటింగ్ పెట్టారు. పిల్లలు, తల్లిదండ్రులు, క్రీడాపాఠశాల డైరెక్టరమ్మ అందరూ వచ్చారు. తుర్సునై వాళ్ళ నాన్న జుమాబెక్ పండగలకు పెట్టుకునే తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని వచ్చాడు.

జిబెక్ వాళ్ళమ్మ లేచింది. "ఈ మనిషి చేతుల్లో ఇంకో పిల్ల పడకూడదు. నేను చెప్పేది అంతే."

"మీరేమంటారు?" అని డైరెక్టరమ్మ అగాయ్‌ని అడిగింది.

"అనడానికి ఏముంది? పుస్తకాలు చూసేది నేనే, బరువు పెంచేది నేనే. తప్పు నాది."

డైరెక్టరమ్మ అక్కడితో వదల్లేదు. జుమాబెక్ వైపు తిరిగింది. "అన్నా, ఏమీ అనుకోకు. పిల్లకి ఇంట్లో తిండి సరిగ్గా ఉంటోందా?"

నాన్న టోపీ సర్దుకున్నాడు. "మా ఇంట్లో ఎవరూ ఆకలితో పడుకోరమ్మా. కావాలంటే పుస్తకం చూడండి. మా పిల్ల అబద్ధం రాయదు."

"అయితే ఇక చేసేదేమీ లేదు," అంది డైరెక్టరమ్మ ఫైలు తెరుస్తూ. "ఆడపిల్లల కుస్తీ ఈ రోజుతో ఆపేస్తున్నాను. అగాయ్‌ని తీసేస్తున్నాను, ఆయన నేర్పే అబ్బాయిలకి వేరే కోచ్ వస్తాడు."

వెనక వరసలో ఎవరో వెక్కిళ్ళు పెట్టారు. టీ పహిల్వాన్ అసిల్. ఆ పిల్లకి ఈ హాలు తప్ప ఇంకో సంతోషం లేదు. డైరెక్టరమ్మ పెన్ను మూత తీసింది. తుర్సునై ఒకసారి నాన్న వైపు, ఒకసారి అగాయ్ వైపు చూసింది. ఎవరో ఒకరి తల దించక తప్పదు. అగాయ్ తల ఇప్పటికే వంగిపోయి ఉంది.

"పుస్తకంలో రాసింది అబద్ధం," అంది.

గొంతు చిన్నగా వచ్చింది. అందరూ విన్నారో లేదోనని మళ్ళీ అంది. "నా పుస్తకంలో ఉన్నదంతా అబద్ధం. మాంసం లేదు. గుడ్లు లేవు. నాకు ఆకలితో కళ్ళు తిరిగాయి. అందుకే పడ్డాను. అగాయ్‌కి తెలియదు. తెలిస్తే బరువు తగ్గించేవారు."

నాన్న టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని చెవులు ఎర్రగా కందిపోయాయి.

"మరి గుడ్లు, మీగడ అని ఎలా రాశావు?" అంది జిబెక్. కట్టుతోనే ముందు వరసలో కూర్చుని ఉంది.

"నీ పుస్తకంలో చూసి."

"ఆకలేస్తోందని నాతో ఒక్క ముక్క చెప్తే నేను నీ వీపెక్కేదాన్నా?" అంది జిబెక్. అని మొహం తిప్పేసుకుంది. ఇప్పుడు ఎన్ని చెప్పినా ఆ ఎముక మూడు వారాల్లో అతకదు.

డైరెక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. జిబెక్ వాళ్ళమ్మ వైపు చూసింది. ఆవిడ తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"గ్రూపు ఉంటుంది," అంది డైరెక్టరమ్మ. "అగాయ్ ఉంటారు. ఈ ఏడాది పోటీలకు మాత్రం ఎవరూ వెళ్ళడానికి లేదు, ముందు పుస్తకాలన్నీ సరిచూడాలి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పోటీలు పోయాయి మరి. ఇద్దరు పిల్లలు తుర్సునై వైపు కొరకొర చూస్తూ బయటికి వెళ్ళిపోయారు.

అగాయ్ పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే బాగుండేదనిపించింది. "పోయిన వారానిది మళ్ళీ రాయమ్మా. ఉన్నది ఉన్నట్టు. అది చూసి మొదటినుంచి మొదలుపెడదాం."

తుర్సునై పాత రాతలన్నీ కొట్టేసి కింద రాయడం మొదలుపెట్టింది. సోమవారం: పొద్దున రొట్టె, టీ. మధ్యాహ్నం ఏమీ లేదు. రాత్రి రొట్టె, టీ. మంగళవారమూ అంతే. నాన్న వచ్చి వెనక నిలబడ్డాడని నీడను బట్టి తెలిసింది. బుధవారం దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. రాత్రి: రొట్టె, టీ, ఒక బంగాళాదుంప అని రాసింది.

నాన్న వంగాడు. అతని ఊపిరి ఆమె జుట్టుకు తగిలింది. పగుళ్ళు తేలిన వేలు బుధవారం మీద ఆనింది.

"ఆ రోజు బంగాళాదుంప కూడా లేదు కదమ్మా," అన్నాడు. అందరికీ వినపడేలాగే అన్నాడు. "కొట్టెయ్."

తుర్సునై కొట్టేసింది.