ట్రంపెట్ మోగే లోపు

“క్లాంగ్‌లో ఒక పెళ్లి హాల్లో ఇవాళ ఒక ట్యూన్ వినిపిస్తుంది. అది పూర్తయ్యేసరికి శివలింగం ప్రాణం పోవాలని ప్లాన్,” అంది షామిని.

ఏజెంట్ వినోద్‌కుమార్ ఫోటో చూశాడు. శివలింగం ఆ మలేషియా ఊరి రేవులో గుమాస్తా. విదేశీ ముఠా ఆయుధాలు దించుతుండగా కళ్లారా చూసిన ఒకే ఒక్క సాక్షి. ఇవాళ అతని కూతురి పెళ్లి.

“ఏ ట్యూన్, బాస్?”

“ఇరవై ఏళ్లుగా నడుస్తున్న ఒక ఇటాలియన్ క్రైమ్ సీరియల్ టైటిల్ మ్యూజిక్. ముఠా నాయకుడికి పిచ్చి ఇష్టం. చివర్లో ట్రంపెట్ మోగుతుంది. అదే సిగ్నల్. కాల్చేవాడి ముఖం మనకు తెలీదు.”

“ఎవరు చెప్పారు?”

“కీబోర్డ్ వాయించే ఇవాంజలిన్. వాళ్ల జీతం తీసుకుంటూ మనకు పనిచేస్తోంది. లేదా మన జీతం తీసుకుంటూ వాళ్లకు.”

“పెళ్లి ఆపేస్తే?”

“ఇంకో రోజు చంపుతారు. ఆ రోజేదో మనకు తెలియదు.”

హాల్లో వినోద్ నీళ్ల గ్లాసుల ట్రేతో తిరుగుతున్నాడు. చెవిలో ఇయర్‌పీస్. పెళ్లికూతురి నాయనమ్మ దేవుడమ్మ ఒక గ్లాసు తీసి అతని చేతికే ఇచ్చింది. “పొద్దున్నుంచీ తిరగతన్నావు. నువ్వూ ఒక గుక్క తాగు, నాయినా.”

నీలం గౌనులో మెరిసిపోతున్న ఇవాంజలిన్ దగ్గర ఆగాడు.

“వానొస్తుందా?”

“పెనాంగ్‌లో ఒచ్చేసింది.”

కోడ్ సరిపోయింది. “బోజనాలప్పుడు వాయిస్తాను,” అంది, అతని కళ్లలోకి చూడకుండా.

పెళ్లికొడుకు తాళి చేతికి తీసుకోగానే కీబోర్డ్ మొదలైంది. భోజనాలకు ఇంకా చాలా టైముంది. మోసం.

ఎవరో చీకట్లో మెట్లు దిగుతున్నట్టు బేస్. దాని మీద వేణువు, నిజం తెలిసీ చెప్పని సాక్షిలా. హాలు నిండా జనం. ఎవరి దగ్గరుంది తుపాకి? వేణువు సన్నగిల్లుతోంది. తర్వాతది ట్రంపెట్టే.

వినోద్ ట్రే కింద పెట్టి, మేళగాళ్లకేసి చూపుడు వేలెత్తాడు.

“గట్టిమేళం.”

తాళి కట్టేవేళ తుమ్ము కూడా వినపడకూడదని వాయించే మేళం అది. ఆ మాట ఎవరన్నారని ఏ డోలువాడూ అడగడు. డోళ్లు, నాదస్వరాలు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. కీబోర్డ్ మునిగిపోయింది. కంగారులో పెళ్లికొడుకు తాళి కట్టేశాడు. హాలంతా లేచి అక్షింతలు విసిరింది.

ఒక్కడు విసరలేదు. బాతిక్ చొక్కా మనిషి. స్పీకర్‌కేసి చెవి రిక్కించి, చొక్కా కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

వినోద్ ఆ మణికట్టు మెలితిప్పి పిస్టల్ లాక్కున్నాడు. అక్షింతలు ఇంకా రాలుతుండగానే షామిని మనుషులు వాణ్ణి పక్క తలుపులోంచి నడిపించుకుపోయారు.

ఇవాంజలిన్ కీబోర్డ్ ఆపి వినోద్‌కేసి తిరిగింది. “ఇప్పుడే వాయించమని మెసేజ్ ఒచ్చింది. నీకు సెప్పే టైమేదీ?”

నిజమో, అబద్ధమో. వినోద్ ఆమెకు నీళ్లిచ్చాడు. అనుమానం తర్వాతైనా పడొచ్చు.

శివలింగం విసురుగా వచ్చాడు.

“ఏటయ్యా, పంతులుగోరు సెప్పకుండా గట్టిమేళమేటి? అంత తొందరేటి? పెళ్లి నీదా?”

“తప్పయిపోయింది, మావయ్యా.”

“సర్లే, ముందు బోజనం సెయ్యి.”

కాపాడినవాళ్ల చేత చీవాట్లు తినడం వినోద్‌కు కొత్త కాదు. వాటితోపాటు పెళ్లిభోజనం దొరకడం మాత్రం ఇదే మొదలు.