కత్తెర తగలని గౌను

“అయ్యో అయ్యో!... దీనికి కత్తెర పెట్టినావా మే! నా చెయ్యి ఇరిగినా ఇంత ఏడ్వను గదే!...”

వసంతమ్మ నడింట్లో కూలబడిపోయింది. ఒళ్ళో పాత తెల్ల గౌను, కింద మూరెడు గుడ్డముక్క. కోడలు మోహన చేతిలో కత్తెర ఇంకా అలాగే ఉంది! మరి ఆ పిల్లను మాత్రం ఏమనగలం చెప్పండమ్మా? నగరిలో సగం ఊరికి జాకెట్లు కుట్టే చెయ్యి అది. ఇరవై రోజుల బిడ్డకు రెండు మూరల గౌనేమిటి, కాళ్ళకు చుట్టుకుంటోందని, మర్నాడు బిడ్డను తొట్లో వేస్తారనగా కింది భాగం కత్తిరించేసింది. వసంతమ్మ పుట్టింటి నుంచి వచ్చిన గౌను అది. ఏ బిడ్డను తొట్లో వేసినా ముందు దాన్నే తొడగాలి, దానికి కత్తెర మాత్రం తగలకూడదు. ఎందుకని అడిగితే వసంతమ్మకే తెలియదు. వాళ్ళ అవ్వ పాపమ్మ అలా చెప్పి పోయింది, అంతే!

వేడుక ఆగిపోయింది. అత్త మాటలు మానేసింది. మోహన తల్లిలేని పిల్ల... కాన్పు చేసి, పథ్యం వండిపెట్టి, బిడ్డకు నీళ్ళుపోసింది ఈ అత్తే! మొగుడు గోపీ నాలుగు తిట్టినా దులిపేసుకునేదే గానీ, అత్త కంచం ముందు పెట్టి పలక్కుండా వెళ్ళిపోతుంటే ముద్ద గొంతు దిగలేదు.

“తిట్టనైనా తిట్టు అత్తా!... నాకు ఇంకెవురుండారు?” అని బావురుమంది. వసంతమ్మ మొహం తిప్పుకుంది.

మూడో రోజు మోహన ఆ ముక్కను మళ్ళీ గౌనుకే అతికిద్దామని సూదీ దారం తీసుకుని కూర్చుంది. అంచు మడత విప్పితే లోపల తెల్లదారంతో ఏదో కుట్టుపని! చిన్న సిలువ, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో పుత్తూరు అని, 1914 అని. ఏడుపు కాస్తా ఎటు పోయిందో!

“అత్తా, ఈడ సూడు! మనింటి గౌనులో సిలువేంది?”

ఎంత పంతమైనా ఆరా ముందు నిలుస్తుందా! వసంతమ్మ కళ్ళజోడు వెతుక్కుని మరీ వచ్చింది. దారాన్ని వేలితో తడిమింది.

“ఇది మా అవ్వ కుట్టు కాదు మే...” అంది. మూడు రోజుల తర్వాత మొదటి మాట!

“పుత్తూర్లో దొరల నాటి చర్చి ఉండాది కదా అత్తా. రేపు పోయి అడుగుతా.”

“నువ్వొకదానివే యాడికి పోతావు? నేనూ వస్తా. ఆడ ఇంకేం కత్తిరిస్తావో!”

మర్నాడు బిడ్డను పొత్తిళ్ళలో చుట్టుకుని ఇద్దరూ ఆటోలో వెళ్ళారు. చర్చి పాదిరి యోగానంద పెద్దాయన. కుట్టుపని చూసి, బీరువాలోంచి గుడ్డలో చుట్టిన బాప్తిస్మాల పుస్తకం తీశాడు. ఆకులు పెళుసుబారి ఉన్నాయి. ఒక్కొక్కటీ తిప్పుతుంటే అత్తాకోడళ్ళు చెరో పక్క నుంచి తొంగిచూశారు.

“ఇదో! జర్మనీ నుంచి వచ్చిన దొర, దొరసాని. ఆడబిడ్డ, పేరు మార్గరెత. పక్కన మనోళ్ళెవరో తెలుగులో రాసినారమ్మా, వినండి.” ఆయన వేలు పెట్టి చదివాడు. “‘యుద్ధము వచ్చినందున దొరగారిని, దొరసానిగారిని సర్కారువారు తీసికొనిపోయిరి. బిడ్డకు జబ్బు, ప్రయాణమునకు ఓర్వదు. నగరి నేతగాని భార్య చెంగమ్మ చంటితల్లి గనుక పాలిచ్చుటకు అప్పగించిరి. తిరిగి వచ్చినప్పుడు గౌను అంచు గుర్తుగా చూచి తీసికొనిపోవుదురు.’”

“వచ్చినారా నాయనా?” వసంతమ్మ పుస్తకం మీదికి వంగింది.

“ఓడ ఎక్కించి పంపించేసినారని ఉండాది పెద్దమ్మా. మళ్ళీ ఆ పేర్లు యాడా లేవు. బిడ్డ పేరు సమాధుల పుస్తకంలోనూ లేదు.”

“సమాధుల్లో ఎట్టుంటాది!... చెంగమ్మ మా అవ్వకు అమ్మ! కన్నతల్లే అనుకుంటిమి... ఆ బిడ్డ మా పాపమ్మవ్వ నాయనా!... తెల్లగా, పిల్లికండ్లతో ఉండేది. వీధిలో యా బండి ఆగినా మగ్గం ఆపి గడప కాడికి పరిగెత్తేది. ముసిల్దానికి ఊరి ఆరాలెందుకని మేమంతా నవ్వినామే!... అమ్మ కోసరం సూసేదని ఎవురికి తెలుసు!...”

మోహన బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అత్తను దగ్గరకు తీసుకుంది.

ఆ శుక్రవారమే తొట్లె కట్టారు. మోహన ముక్కను గౌనుకు అతికించబోతే వసంతమ్మ సూది లాగేసుకుంది.

“వద్దు మే. బిడ్డ కాళ్ళకు అడ్డం లేకుండా బాగుండాది. ఆ ముక్క దేవుడి గూట్లో పెట్టు. కన్నామె రాలేకపోయింది, పాలిచ్చినామె తల్లయింది. ఆ తల్లి పెంచిన ఇంట్లోదాన్ని, తల్లిలేని నిన్ను మూడు దినాలు ఉసురుపెడితినే!... మనసులో పెట్టుకోవాకమ్మా.”

“అట్టనొద్దు అత్తా!...” మోహన ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడే వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. వసంతమ్మ చటుక్కున లేచి గడప దాకా వెళ్ళి, అటూ ఇటూ చూసింది. ఎదురింటివాళ్ళు నూలు మూటలు దించుకుంటున్నారు.

“ఎవురత్తా?” అని లోపలి నుంచి మోహన అడిగింది.

వసంతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“మనోళ్ళు కాదులే,” అని లోపలికి వచ్చి తొట్లె ఊపింది.