‘పోండమ్మా’ అనే గట్టు

కైకలూరు నుంచి ఏలూరు వెళ్ళే రోడ్డు కొల్లేట్లోకి దిగేముందు, ఎడంచేతి వైపు ఎండిపోయిన చేపల చెరువు గట్టు ఒకటి ఉంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరట. లారీల వాళ్ళయితే హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా దాటేస్తారట.

ముందు మగగొంతు అరుస్తుంది. "హోయ్... పోండి... పోండమ్మా, పోండి..." అని. అది ఆగాక కాసేపు ఏమీ ఉండదు. కప్పలు కూడా అరవవు. ఆ తర్వాత—

ఆడమనిషి నవ్వుతుంది.

మొగుడూ పెళ్ళాం ఎవరో ఆ నీళ్ళలో పడి పోయారంటారు కొందరు. పడవ బోల్తా కొట్టిందంటారు ఇంకొందరు. వాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఇదంతా పెర్సిస్‌కి చెప్పింది కైకలూరు దాటాక టీకొట్టు పెట్టుకున్న పుష్పమ్మ.

"మర్యాదగల దెయ్యమేనండీ. మనవైపుది కదా, పొమ్మనడానికి కూడా అమ్మా అంటుంది," అని నవ్వింది. గ్లాసు అందిస్తూ మళ్ళీ గొంతు తగ్గించింది. "అయినా ఆగకండేం. తిన్నగా ఏలూరు వెళ్ళి పడుకోండి."

"దెయ్యానికి మా అక్కంటేనే భయం లెండి," అన్నాడు తోమా. అతను పెర్సిస్ తమ్ముడు. బండి తోలేదీ అతనే.

మామూలు బండి కాదది. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, కిటికీలకి పూల పరదాలు. పెర్సిస్ భర్త బెంజమిన్ తాడేపల్లిగూడెంలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాక, పాత స్కూలు వ్యాను ఒకటి కొని దాన్ని ఇల్లులా చేయించాడు. భీమిలి నుంచి సూర్యలంక దాకా సముద్రం పక్కనే పోదాం, ఎక్కడ బాగుంటే అక్కడ వండుకుని తిందాం అనేవాడు. బండి తయారయ్యేసరికి ఆయన లేడు.

రెండేళ్ళు ఆ వ్యాను వాకిట్లోనే ఉంది. వేపాకు రాలితే ఊడ్చేది పెర్సిస్. అంతే.

ఒక ఆదివారం చర్చిలో అందరూ పాడుతుంటే, పక్కన ఆయన ఎలా పాడేవాడో తలుచుకుందామనుకుంది. రాలేదు. మొహం వచ్చింది. చెమటకి వీపునంటుకున్న తెల్లచొక్కా, మెళ్ళో ఈల తాడు, అన్నీ వచ్చాయి. గొంతు మాత్రం లేదు. ఆయన మాటలున్న పాత ఫోను ఎప్పుడో పాడైపోయింది. ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నం తినలేదు. ఇవాళ గొంతు పోయింది, రేపు మొహం పోతే?

"బండి తియ్యరా తోమా," అంది.

సముద్రం కనపడితే ఆయన ఊరుకునేవాడు కాదు. ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి పెద్దగా అరిచేవాడు. అందుకని భీమిలిలో, ఉప్పాడలో, పేరుపాలెంలో, సూర్యలంకలో గోరువెచ్చని నీళ్ళలో పాదాలు పెట్టి కళ్ళు మూసుకుంది. ఆ హోరులో ఎక్కడో ఒకచోట ఆ అరుపు దొరుకుతుందేమోనని. అలలే వినపడ్డాయి. తోమా ఒడ్డున చెప్పులు పట్టుకుని నిలబడేవాడు. "దొరికిందా అక్కా?" అని మొదట్లో అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు.

ఇప్పుడు బందరు మీదుగా ఇంటికి తిరిగి వస్తున్నారు.

సరిగ్గా ఆ గట్టు దగ్గరే టైరు పేలింది. వేరే టైరుందిగానీ అందులో గాలి లేదు. కైకలూరు వైపు పోతున్న చేపల మేత ఆటోలో టైరు పడేసి, "తలుపు వేసుకో అక్కా, ఇప్పుడే వస్తా," అని వెళ్ళాడు తోమా.

చీకటి పడింది.

గట్టు కింద నీళ్ళు లేవు. తుమ్మమొక్కలు, రెల్లు. మేతసంచులు కట్టే వెదురుగెడలు మాత్రం అక్కడక్కడా నిలబడి ఉన్నాయి, మనుషుల్లా. పెర్సిస్ లైటు వేసుకుని బియ్యం కడుగుతోంది. ఉన్నట్టుండి రెల్లులోంచి—

"హోయ్..."

చేతిలో గిన్నె ఆగిపోయింది.

"హోయ్... పోండి... పోండమ్మా, పోండి..."

పెద్ద గొంతు. గరగరమంటోంది. ఎక్కడి నుంచో తెలీడం లేదు, గట్టంతా అరుస్తున్నట్టుంది. ఆవిడ తలుపు గడియ పెట్టింది. లైటు ఆర్పింది. పరదా లాగి, మంచం మూలకి చేరి, చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన ప్రార్థన మొదలుపెట్టింది. సగంలో మాట జారిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది... మళ్ళీ అక్కడే జారిపోయింది.

అప్పుడు వినపడింది నవ్వు. ఆపుకోలేక నవ్వుతున్న ఆడమనిషి నవ్వు.

పెర్సిస్ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

తోమా వచ్చి తలుపు కొడితే ఎంతకీ తియ్యలేదు. "నేనే అక్కా," అని నాలుగుసార్లు అన్నాక తీసింది.

"టైరు వెయ్యరా. పోదాం. ఇక్కడెవరో ఉన్నారు... మనల్ని పొమ్మంటున్నారు."

"పుష్పమ్మ మాటలు పట్టుకుని—"

అతని మాట పూర్తికాలేదు.

"హోయ్... పోండి... పోండమ్మా..."

తోమా చేతిలో జాకీ కిందపడింది. అతను భయపడ్డాడనుకుంది. కానీ అతను రెల్లు వైపు ఒక అడుగు వేశాడు. తల పక్కకి వంచి వింటున్నాడు.

"అక్కా," అన్నాడు మెల్లిగా. "అది బావ గొంతు."

టార్చి వేసుకుని గట్టు దిగాడు. ఒక గెడ చివర తుప్పుపట్టిన మైకు, పక్కనే సోలార్ పలక ఉన్నాయి. నవ్వు కూడా అందులోంచే వచ్చి ఆగిపోయింది.

"హర్షవర్ధన్ చెరువన్నమాట ఇది," అన్నాడు గట్టెక్కి వచ్చి. " బావ దగ్గర డ్రిల్లు నేర్చుకున్న కుర్రాడు. నీటికాకులు చేపల్ని మింగేస్తున్నాయి, మాస్టారి గొంతయితే కొల్లేరంతా ఖాళీ అవుతుందని రికార్డు చేయించుకున్నాడు. చేపలకి రోగమొచ్చి చెరువు వదిలేసి పోయాడుగా. ఇదిట్లా ఎండకి ఛార్జి అవుతూ, వేళాపాళా తప్పి..."

పెర్సిస్ వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఆయన అరుస్తుంటే... తలుపు గడియ పెట్టుకున్నానురా."

తోమా కిందపడిన జాకీ తీసి చక్రం పక్కన పెట్టాడు.

ఆవిడ మళ్ళీ అడిగింది. "మరి ఆ నవ్వేది ఎవరు?"

టార్చి వెలుగు నేలమీదకి వాలింది.

"నువ్వేనక్కా. ఆ రోజు ఫోను పట్టుకుని రికార్డు చేసింది నువ్వే, చివర్లో నవ్వాపుకోలేకపోయావు. మీ బావ కాకుల్ని కూడా అమ్మా అని తోలుతున్నాడ్రా అని ఇంటికొచ్చి కూడా కడుపు పట్టుకుని నవ్వావు."

పెర్సిస్ ఆ చీకట్లోకి చూసింది. ఏ రోజు? ఏ ఇల్లు? జ్ఞాపకానికి ఏమీ తగల్లేదు.

"మైకు విప్పి తెచ్చెయ్యనా? ఇంట్లో పెట్టుకుని విందువుగాని."

"వద్దురా. ఇంటికి తెస్తే ఎక్కడ పెట్టానో మర్చిపోతాను. ఇక్కడే ఉండనీ. భయపడుతూనైనా నలుగురూ గుర్తుపెట్టుకుంటారు."

తోమా టైరు బిగించాడు. ఆవిడ లేవలేదు. అతను కూడా పక్కనే కూర్చున్నాడు.

ఎంతసేపటికో ఆ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆవిడ చెవులు మూసుకోలేదు. "పోండమ్మా" అన్నచోట పెదవులు కదిపింది, కొత్తపాట నేర్చుకునే పిల్లలా. నవ్వు వచ్చేసరికి దానితోపాటు తనూ నవ్వబోయింది.

కలవలేదు. ఆ నవ్వు ముందే వెళ్ళిపోయింది.