సహవేదిని ఆగిన ఉగాది

పచ్చిమామిడికాయ తరుగుతూ వరాలమ్మ వేలు కోసుకుంది. ఆమె నోరు మెదపలేదు గాని, ముందుగదిలో కూర్చున్న చెల్లెలు హైమవతి చటుక్కున చెయ్యి విదిలించింది. గోడ అవతల నుంచి పొరుగింటి కోడలు గొంతు వినిపించింది.

"సూసుకుని కొయ్యి పెద్దమ్మా. పండగపూట మా వేళ్లు కూడా కోసేత్తన్నావు."

"చిన్న గాటేనే తల్లీ," అని వరాలమ్మ నవ్వుతూ వేలికి పసుపు అద్దుకుంది.

అది రెండు వేల ఎనభై నాలుగు. నాగావళి ఒడ్డున ఉన్న చింతాడవలసలోనే కాదు, రాష్ట్రమంతటా ఇప్పుడు ఒకరి గాయం ఇంకొకరికి తెలుస్తుంది. అప్పట్లో పెద్దలందరికీ అమర్చారు, ఇప్పుడు పుట్టిన ప్రతి బిడ్డకూ చెవి వెనక చర్మం కింద నువ్వుగింజంత పరికరం అమరుస్తారు. దాని పేరు సహవేదిని. శరీరానికి గాయమైతే నరాల్లో పుట్టే సంకేతాన్ని అది పసిగట్టి ఊరి టవర్‌కు పంపుతుంది. టవర్ ఆ నొప్పిలో సగమంత దగ్గర్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తగిలేలా చేస్తుంది. పురిటి నొప్పులనూ జబ్బు నొప్పులనూ వదిలేసి, తెగిన, కాలిన, విరిగిన నొప్పులనే పట్టుకునేలా దాన్ని తయారు చేసింది హైమవతే. ఆ తర్వాత ముప్పయ్యేళ్లలో మనిషి మీద మనిషి చెయ్యెత్తడం దాదాపు పోయింది. కొట్టినవాడికీ నొప్పే, చూస్తూ నిలబడ్డవాళ్లకూ నొప్పే కాబట్టి కొట్టనిచ్చేవాళ్లే లేకుండా పోయారు.

వరాలమ్మ ఫ్రిజ్‌లోంచి చిన్న డబ్బా తీసింది. అందులో వేపపువ్వు ఉంది.

"శివరాత్రికే రాలిపోయిందే పువ్వంతా. చెట్టుకి కొత్త సంవత్సరం ఎప్పుడో వచ్చీసింది. మనకే పంచాంగం చూసుకుని ఆలస్యంగా వస్తోంది," అంది.

ఎండలు రెండు నెలలు ముందుకు జరిగిపోయాయి. కోయిల కూసి వెళ్లిపోయింది. పండగ మాత్రం చైత్రంలోనే ఉండిపోయింది.

టవర్ చూసుకునే ఇంజనీరు లోకనాథం వచ్చాక ముగ్గురూ పైడినాయుడి మామిడితోటకు బయల్దేరారు. ఊళ్లో పచ్చగా మిగిలింది ఆ తోట ఒక్కటే గనక ఊరంతా ఉగాది అక్కడే చేసుకుంటుంది. దారిలో లోకనాథం గొంతు తగ్గించాడు.

"మేడమ్, మొన్న ఒక ఊరి నుంచి కబురొచ్చింది. పరీక్ష హాల్లో ఒక విద్యార్థి తన తొడలో తానే ముల్లు గుచ్చుకున్నాడట. పక్కవాళ్లెవరూ రాయలేకపోయారు."

"వాడికీ నొప్పేగా. పైగా మిగతావాళ్లకు సగమైతే వాడికి పూర్తిగా. ఎంతసేపు గుచ్చుకుంటాడు?"

"అయినా ఒక పరిమితి పెడదాం. ఫలానా స్థాయి దాటిన నొప్పిని టవర్ పంపకుండా ఆపేస్తే..."

"ఆపేస్తే ఆ స్థాయి దాటేంత గట్టిగా కొడతారు లోకనాథం. నొప్పి కొనితెచ్చుకుని ఇంకొకరిని బాధపెట్టే మనిషి కోసం నేను యంత్రాన్ని మార్చను. అలాంటివాళ్లు ఎందరుంటారు?"



తోటలో చాపలు పరిచారు. ఒకపక్క పెద్ద మూకుడులో నూనె మరుగుతోంది, బూరెలు వేస్తున్నారు. పంతులుగారు పంచాంగం విప్పి, ఈ ఏడు క్రోధి నామ సంవత్సరమని, జనంలో కోపతాపాలు హెచ్చుతాయని చదివారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే తవిటినాయుడు లోపలికొచ్చాడు.

తవిటినాయుడు పైడినాయుడికి స్వయానా తమ్ముడు. కొండ మీది ఊటనీళ్లు ఇద్దరి తోటలకూ రావాలి. రెండేళ్ల కిందట పైడినాయుడు కాలవ మొదట్లో గట్టు వేసి, నీళ్లన్నీ తనవైపు తిప్పుకున్నాడు. తవిటినాయుడు పంచాయతీలో మొరపెట్టుకున్నాడు. ఊరు వింది, తల ఊపింది, ఇంటికెళ్లి పడుకుంది. తమ్ముడి తోటలో ఈ ఏడు పూత రాలేదు, ఆకు కూడా రాలేదు.

"రారా, పచ్చడి తిను," అన్నాడు పైడినాయుడు.

తవిటినాయుడు పొయ్యి దగ్గరికి నడిచాడు. బూరెలు వేస్తున్నావిడను పక్కకు జరగమన్నాడు. చొక్కా చెయ్యి మడిచి, ఎడమచెయ్యి మణికట్టు దాకా మరిగే నూనెలో ముంచాడు.

తోట మొత్తం ఒక్కసారిగా కేక పెట్టింది. చాపల మీద కూర్చున్నవాళ్లు ఎడమచేతులు పట్టుకుని దొర్లారు. చంటిబిడ్డలు ఊపిరి తిరగక నీలమయ్యారు. హైమవతికి తన చేతి మీద చర్మం ఒలిచేస్తున్నట్టు అనిపించింది. చూసుకుంటే చెయ్యి మామూలుగానే ఉంది.

తవిటినాయుడు చెయ్యి పైకి తీశాడు. చర్మం వేలాడుతోంది. నిలబడలేక ఊగుతున్నాడు, అయినా మాట మాత్రం తడబడలేదు.

"మూడొందల సెట్లురా. ఒక్కోటీ నా సేత్తో పెట్టినాను. అయి ఎండి సచ్చిపోతంటే ఈ ఊర్లో ఒక్కడికీ నొప్పి తెలీనేదు. ఇప్పుడు తెలిసిందేటి?"

ఇద్దరు అతని వైపు పాకబోయారు. అతను మళ్లీ ముంచాడు. వాళ్లు మొహాలు నేలకేసి కొట్టుకున్నారు.

"తీసేత్తాన్రా!" పైడినాయుడు మోకాళ్ల మీద నిలబడి చేతులు జోడించాడు. "గట్టు ఈ పూటే తీసేత్తాను. నీల్లన్నీ నువ్వే తీసుకో. ఒగ్గీరా తమ్ముడా."

తవిటినాయుడు అన్న వంక చూశాడు. ఆ మాట వినడానికే వచ్చాడని అందరూ అనుకున్నారు, బహుశా అతనూ అలాగే అనుకుని వచ్చి ఉంటాడు. కాని కాళ్ల దగ్గర ఊరు ఊరంతా పడి ఉంది. రెండేళ్లుగా వినని వాళ్లందరూ అతని చెయ్యి ఎటు కదులుతుందా అని చూస్తున్నారు. అతని మొహంలో ఒక వెలుగు వచ్చింది.

"ఇంకొక్కసారి," అన్నాడు.

ఈసారి మోచేతి దాకా పెట్టాడు.

హైమవతి పక్కన వరాలమ్మ ఎక్కిళ్లు పెట్టినట్టు రెండుసార్లు గాలి పీల్చి, చెల్లెలి ఒళ్లోకి ఒరిగిపోయింది. డెబ్బై ఏళ్లు దాటిన గుండె. హైమవతి మెడ మీద వేళ్లు పెట్టి చూసింది. నాడి అందలేదు.

టవర్‌ను ఫోన్ నుంచి ఆపే అధికారం హైమవతికి ఉంది. ఇన్నేళ్లలో ఆమె దాన్ని వాడలేదు. ఫోన్ తీసి, ఆపేసింది.

నొప్పి దీపం ఆర్పినట్టు పోయింది. తోటలో ఇక ఒక్కడే అరుస్తున్నాడు. పంచుకునేవాళ్లు లేని నొప్పితో తవిటినాయుడు కాలిన చెయ్యి గుండెకు హత్తుకుని మామిడిచెట్టు కింద కూలబడ్డాడు.

జనం మెల్లగా లేచారు. మొదట ఒక ఆడమనిషి, చంటిబిడ్డను చంకన పెట్టుకునే, వచ్చి అతన్ని కాలితో తన్నింది. తన్ని, ఆగి, తన కాలి వైపు చూసుకుంది. ఏమీ కాలేదు. మళ్లీ తన్నింది. తర్వాత కుర్రవాళ్లు కదిలారు. పుట్టిన దగ్గర్నుంచి ఎవరినీ కొట్టి ఎరగరు, పిడికిలి ఎలా బిగించాలో కూడా తెలీదు. అరచేతులతో కొట్టారు, తర్వాత పొయ్యిలో కట్టెలు అందుకున్నారు. పైడినాయుడు అడ్డం పడితే అతన్ని లాగి అవతల పారేశారు.

"మేడమ్, ఆన్ చెయ్యండి," లోకనాథం పరిగెత్తుకొచ్చాడు. "ఇప్పుడు ఆన్ చేస్తే అతని నొప్పి అందరికీ తగులుతుంది. ఆగిపోతారు. చంపేస్తున్నారు మేడమ్."

హైమవతికి ఆ సంగతి అతనికన్నా బాగా తెలుసు. సరిగ్గా ఇలాంటి క్షణం కోసమే ఆమె సగం జీవితం ఖర్చు పెట్టింది. బొటనవేలు మీట మీదే ఉంది. ఒళ్లో అక్క తల బరువుగా ఉంది. కట్టె ఎముక మీద పడ్డ చప్పుడు ఆమె చెవిన పడింది. ఆ చప్పుడు ఇంకోసారి వినాలనిపించింది.

"మేడమ్!" లోకనాథం ఫోన్ లాక్కోబోయాడు.

ఆమె అదే ఫోన్‌తో అతని మూతి మీద బలంగా కొట్టింది. పెదవి చిట్లి రక్తం కారింది. అతను మూతి పట్టుకుని, నమ్మలేనట్టు ఆమెను చూశాడు. ఆమె తన పెదవిని తడుముకుంది. నొప్పి లేదు. ఎంత తేలికగా ఉందో అనుకుంది.

అరుపులు మూలుగులయ్యాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. కొట్టినవాళ్లు కట్టెలు పారేసి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెనక్కి జరిగారు.

అప్పుడు హైమవతి మీట నొక్కింది.

లోకనాథం పెదవి మంట ఆమె పెదవి మీదికి వచ్చింది. ఎవరివో కమిలిన పిడికిళ్ల సలుపు, కట్టెలు పట్టి బొబ్బలెక్కిన అరచేతుల మంట, ఒకటొకటిగా తెలిశాయి. ఆమె కళ్లు మూసుకుని ఇంకా కాసేపు ఎదురుచూసింది. మామిడిచెట్టు కింద నుంచి ఏ నొప్పీ రాలేదు.